ఇంటర్ రెండో ఏడాదిలోనే ఫైలు సిద్ధం: పెదబయలు మండల విద్యార్థులకు, తల్లిదండ్రులకు

ఈ పాఠం ఎవరికంటే: జూనియర్ కళాశాల, గురుకులం, కేజీబీవీ ఎక్కడైనా ఇంటర్ రెండో ఏడాది చదువుతున్న పిల్లలకు, వాళ్ళ అమ్మానాన్నలకు. తల్లికి వందనం, పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ అందుకుంటున్న కుటుంబాలకు ముఖ్యంగా. ఇంట్లో చదవడం రానివాళ్ళు ఉంటే పిల్లలే గట్టిగా చదివి వినిపించండి. ఒకేసారి మొత్తం చదవక్కర్లేదు. రోజుకో భాగం చదివి, ఆ భాగంలో చెప్పిన పని చేసేయండి.

సీటు ఎక్కడ పోతోంది

పిల్లవాడికి మార్కులు రాక సీటు పోతే అదొక లెక్క. వచ్చే ఏడాది చూసుకుందాం అనుకోవచ్చు. మార్కులొచ్చి, ర్యాంకొచ్చి, కాగితం లేక సీటు పోతే ఆ బాధ తీరేది కాదు. మన కొండల్లో ఎక్కువగా వినిపించేది ఈ రెండో బాధే.

ఒక అమ్మాయి సంగతి ఊహించుకోండి. ఇంజారి వైపు ఊరు. ఆరు నుంచి పది వరకు ఆశ్రమ పాఠశాల, ఇంటర్ వేరే చోట. ఈఏపీసెట్‌లో మంచి ర్యాంకే వచ్చింది. కౌన్సెలింగ్ మొదలైంది. చూస్తే పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉంది. స్టడీ సర్టిఫికెట్ తెచ్చుకుందామంటే వేసవి సెలవులు, పాఠశాలకు తాళం. ఆదాయ ధ్రువపత్రం కోసం సచివాలయానికి వెళ్తే ఆ రోజు సర్వర్ పనిచేయలేదు. కాగితాలన్నీ చేతికొచ్చేసరికి మొదటి విడత అయిపోయింది. చివరికి స్పాట్ అడ్మిషన్‌లో సీటు దొరికింది కానీ, దానికి ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. ఆ ఫీజు కట్టలేక అమ్మాయి ఇంట్లోనే ఉండిపోయింది.

ఈ కథలో ఆ అమ్మాయి చదువులో చేసిన తప్పు ఒక్కటీ లేదు. అక్టోబరులో చేయాల్సిన పనులు జూన్‌లో మొదలయ్యాయి, అంతే. ఆ పనులు అక్టోబరులోనే ఎలా పూర్తి చేసుకోవాలో ఇప్పుడు చూద్దాం.

మొదటి పని: ఏ దారిలో వెళ్ళాలో తేల్చుకోవడం

ఒక్కో కోర్సుకు ఒక్కో ద్వారం ఉంటుంది. ఏ ద్వారం దగ్గర నిలబడాలో తెలియకపోతే దరఖాస్తు తేదీ దాటిపోయాక తెలుస్తుంది.

ఎంపీసీ వాళ్ళకు: ఇంజినీరింగ్ కావాలంటే రాష్ట్రంలో ఏపీ ఈఏపీసెట్. ఎన్‌ఐటీల్లో చేరాలంటే జేఈఈ మెయిన్. మన రాష్ట్రపు ఎన్‌ఐటీ తాడేపల్లిగూడెంలో ఉంది. ఎన్‌ఐటీల్లో, ఐఐటీల్లో ఎస్టీ విద్యార్థులకు ట్యూషన్ ఫీజు ఉండదు. ఈ సంగతి చాలామంది తల్లిదండ్రులకు తెలియక, 'అంత పెద్ద చదువు మనకెక్కడ' అని ముందే వెనక్కి తగ్గుతున్నారు.

బైపీసీ వాళ్ళకు: ఎంబీబీఎస్, బీడీఎస్‌కు నీట్. బీఎస్సీ అగ్రికల్చర్, హార్టికల్చర్, ఫార్మసీ కోర్సులకు ఈఏపీసెట్. పాడేరులో ప్రభుత్వ మెడికల్ కాలేజీ 2024లో మొదలైంది. డాక్టరు చదువు ఇప్పుడు మన జిల్లాలోనే ఉంది. కాఫీ, మిరియాలు, పసుపు పండించే ఇంట్లో పెరిగిన పిల్లలకు వ్యవసాయ కోర్సు కొత్త విషయం కాదు. ఇంట్లో చేతితో చేసిన పనే అక్కడ పుస్తకంలో చదువుతారు. చింతపల్లిలో ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానం కూడా ఉంది, వీలైతే ఒకసారి చూసి రండి.

సీఈసీ, హెచ్ఈసీ వాళ్ళకు: మామూలు డిగ్రీకి ప్రవేశ పరీక్ష లేదు. ఉన్నత విద్యామండలి నడిపే ఆన్‌లైన్ డిగ్రీ ప్రవేశాల ద్వారా చేరాలి. పాడేరు, అరకులోయ, చింతపల్లి ప్రభుత్వ డిగ్రీ కళాశాలలకూ ఇదే దారి. లాయరు కావాలంటే ఐదేళ్ల కోర్సుకు లాసెట్, చిన్నపిల్లలకు పాఠాలు చెప్పే డీఈడీకి డీఈఈసెట్. ఎంపీసీ, బైపీసీ వాళ్ళు కూడా ఈ మూడు దారుల్లో రావచ్చు.

అన్ని గ్రూపుల వాళ్ళకు: కేంద్రీయ విశ్వవిద్యాలయాలకు సీయూఈటీ. ఆంధ్రప్రదేశ్ కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం 2019లో ఏర్పడింది, విజయనగరంలో నడుస్తోంది. అక్కడ డిగ్రీ కోర్సుల్లో చేరాలనుకునేవాళ్ళు సీయూఈటీ దరఖాస్తు మరిచిపోవద్దు.

మన రాష్ట్ర విద్యాసంస్థల్లో ఎస్టీలకు 6 శాతం, కేంద్ర సంస్థల్లో 7.5 శాతం సీట్ల రిజర్వేషన్ ఉంది. ఈఏపీసెట్‌లో మిగతావాళ్ళకు 25 శాతం అర్హత మార్కులు కావాలి. ఎస్సీ, ఎస్టీలకు అర్హత మార్కుల నిబంధనే లేదు. నీట్‌లో జనరల్ వాళ్ళకు 50 పర్సంటైల్ అయితే, ఎస్టీలకు 40 చాలు. ఈ హక్కులన్నీ ఒక్క కాగితం మీద నిలబడ్డాయి. అది మీ కుల ధ్రువపత్రం.

కనీసం రెండు దారులు పెట్టుకోండి. ఒకటి మీ మనసులో ఉన్నది, రెండోది అది రాకపోతే వెళ్ళేది. నీట్ ఒక్కటే రాసి కూర్చున్నవాళ్ళు, అందులో రాకపోతే ఆ ఏడాదంతా ఖాళీగా ఉండాల్సి వస్తుంది.

రెండో పని: ఫైలు

సంతలో దొరికే బటన్ ఫైలు ఒకటి కొనండి. వానకు తడవని ప్లాస్టిక్‌ది. అందులో ఈ కాగితాలు ఉండాలి.

1. పదో తరగతి మార్కుల మెమో. పుట్టిన తేదీకి ఇదే ఆధారం.
2. ఇంటర్ మొదటి ఏడాది మెమో. రెండో ఏడాదిది, టీసీ ఫలితాల తర్వాత వస్తాయి.
3. ఆరో తరగతి నుంచి ఇంటర్ వరకు ఏడేళ్ల స్టడీ సర్టిఫికెట్లు.
4. కుల ధ్రువపత్రం.
5. ఆదాయ ధ్రువపత్రం లేదా రైస్ కార్డు.
6. ఆధార్ కార్డు: విద్యార్థిది, తల్లిది, తండ్రిది.
7. విద్యార్థి పేరు మీద బ్యాంకు పాస్‌బుక్.
8. ఒకే రోజు తీయించిన పాస్‌పోర్టు సైజు ఫొటోలు ఒక డజను.

స్టడీ సర్టిఫికెట్ల గురించి ఒక మాట. రాష్ట్రంలో కన్వీనర్ సీట్లలో 85 శాతం స్థానికులకు. మీరు ఏ ప్రాంతం స్థానికులో తేల్చేది ఈ సర్టిఫికెట్లే. మన పిల్లలు ఒక ఆశ్రమ పాఠశాలలో ఆరు, ఏడు చదివి, ఇంకో చోట పది పూర్తి చేస్తారు. అంటే రెండు మూడు చోట్ల తిరగాలి. పాఠశాలలు తెరిచి ఉన్న రోజుల్లోనే, దసరా లేదా సంక్రాంతి సెలవులకు ఇంటికి వచ్చే ముందే అడిగి తీసుకోండి. సరిహద్దు ఊళ్ళ పిల్లలు కొన్నేళ్లు ఒడిశాలో చదివి ఉంటే ఆ సర్టిఫికెట్ కూడా తెచ్చుకుని, ముందే ప్రిన్సిపాల్‌కు చూపించండి.

కుల ధ్రువపత్రం గురించి ఇంకో మాట. భగత, కొండదొర, పోర్జ, గదబ, కొండు, వాల్మీకి, కోటియ, ఎవరైనా సరే, ధ్రువపత్రంలో మీ తెగ పేరు ఉండాలి. 'ఎస్టీ' అని మాత్రమే రాస్తే చాలదు. కొన్ని తెగలకు తహసీల్దార్ కాకుండా ఆర్డీవో స్థాయిలో జారీ చేస్తారు. దానికి ఎక్కువ రోజులు పడుతుంది. మీ తెగకు ఎవరు ఇస్తారో సచివాలయంలో ముందే అడగండి. నీట్, జేఈఈ, సీయూఈటీ లాంటి జాతీయ పరీక్షల కౌన్సెలింగ్‌లో కేంద్ర ప్రభుత్వ నమూనాలో ఉన్న కుల ధ్రువపత్రం అడుగుతారు. రెండు నమూనాలూ తీసి పెట్టుకోండి.

ప్రతి కాగితానికీ మూడు జిరాక్సులు. ఒక సెట్ ఇంట్లో, ఒకటి ఫైల్లో, ఒకటి నమ్మకమైన బంధువు దగ్గర. ఒరిజినల్స్ ఫోనులో స్కాన్ చేసి మీ ఈమెయిల్‌కు మీరే పంపుకోండి. ఫోను పోయినా కాగితం పోదు.

మూడో పని: పేరు, పుట్టిన తేదీ సరిచూడటం

ఇది చిన్న విషయంలా ఉంటుంది, పెద్ద ఇబ్బంది తెస్తుంది. పదో తరగతి మెమో, ఆధార్, కుల ధ్రువపత్రం, బ్యాంకు పాస్‌బుక్ నాలుగూ పక్కపక్కన పెట్టండి. ఇంగ్లీషు స్పెల్లింగ్ అక్షరం అక్షరం చూడండి. వంతాల అనే ఇంటిపేరులో ఒకచోట హెచ్ అక్షరం ఉంటుంది, ఇంకోచోట ఉండదు. కిల్లోకు ఒకచోట రెండు ఎల్‌లు, ఒకచోట ఒకటే. ఒకదాంట్లో ఇంటిపేరు ముందు, ఇంకోదాంట్లో వెనుక. మనకు అదే మనిషి. కంప్యూటర్‌కు మాత్రం ఇద్దరు మనుషులు.

తేడా ఉంటే ఏది మార్చాలి? పదో తరగతి మెమో మార్చడం చాలా పొడవైన పని. కాబట్టి మెమోలో ఉన్నదానికి తగ్గట్టు ఆధార్‌ను సరిచేయించండి. ఆధార్‌లో పేరు రెండుసార్లు, పుట్టిన తేదీ ఒక్కసారి మాత్రమే మార్చుకునే వీలుంటుంది. అందుకని తొందరపడి అంచనాతో మార్పించవద్దు. మెమో చేతిలో పెట్టుకుని వెళ్ళి, ఆపరేటర్ టైపు చేసింది స్క్రీన్ మీద మీరే చదివి, సరిగ్గా ఉంటేనే ఒప్పుకోండి. మెమోలోనే తప్పు ఉంటే మాత్రం ఆలస్యం చేయకుండా మీరు పది చదివిన పాఠశాల ప్రధానోపాధ్యాయుడిని కలవండి.

నాలుగో పని: ఒక నంబరు, ఒక ఈమెయిలు, ఒక నోటుబుక్

దరఖాస్తులన్నింటికీ ఒకే ఫోన్ నంబరు ఇవ్వండి. ఓటీపీ దానికే వస్తుంది. సంవత్సరం పాటు రీఛార్జ్ ఆగకుండా ఉండే నంబరు కావాలి. నాన్న నంబరు అయితే మంచిది. నెట్ సెంటర్ వాళ్ళ నంబరు, కాలేజీ ఏజెంటు నంబరు ఎప్పుడూ ఇవ్వవద్దు. ఆ నంబరు ఎవరి చేతిలో ఉంటే మీ సీటు వాళ్ళ చేతిలో ఉన్నట్టే. ఆధార్‌కు లింకైన నంబరు ఇప్పటికీ పనిచేస్తోందో లేదో కూడా చూసుకోండి.

ఈమెయిలు విద్యార్థి పేరు మీద ఒకటి తెరవండి. దరఖాస్తు నంబరు, పాస్‌వర్డ్, పరీక్ష తేదీ, కట్టిన ఫీజు, రసీదు నంబరు అన్నీ ఒక నోటుబుక్‌లో రాయండి. మన ఊళ్ళలో సిగ్నల్ ఉన్న చోటు కోసం కొండెక్కే పరిస్థితి ఇంకా ఉంది. ఫోనులోనే అన్నీ దాచుకుంటే ఛార్జింగ్ లేని రోజు చేతులు కట్టేసినట్టవుతుంది.

సిగ్నల్ బాగా లేని ఊళ్ళ వాళ్ళు దరఖాస్తు చివరి రోజు వరకు ఆగకండి. సంతకు దిగే రోజే నెట్ పని కూడా పెట్టుకోండి.

ఐదో పని: నెలలవారీ లెక్క

కింద ఇచ్చినవి 2025 ప్రవేశాల తేదీలు. ప్రతి ఏడాదీ కాస్త అటూ ఇటూ మారతాయి. ఏ నెలలో ఏ పని వస్తుందో తెలుసుకోవడానికి ఇవి చాలు.

జూలై నుంచి సెప్టెంబరు: పేర్లు సరిచూడటం, ఆధార్ సవరణ, కుల ధ్రువపత్రానికి దరఖాస్తు.

అక్టోబరు, నవంబరు: స్టడీ సర్టిఫికెట్లు. జేఈఈ మెయిన్ మొదటి విడత దరఖాస్తు (2024లో అక్టోబరు 28 నుంచి నవంబరు 22 వరకు). కాఫీ పండు కోత కూడా అప్పుడే మొదలవుతుంది. పిల్లలను కోతకు పిలిచే ముందు ఈ తేదీ ఒకసారి చూడండి.

జనవరి: జేఈఈ మెయిన్ మొదటి విడత పరీక్ష. ఆదాయ ధ్రువపత్రం సిద్ధం.

ఫిబ్రవరి: నీట్ దరఖాస్తు (2025లో ఫిబ్రవరి 7 నుంచి మార్చి 7 వరకు). జేఈఈ రెండో విడత దరఖాస్తు.

మార్చి: ఇంటర్ పరీక్షలు. వీటి మధ్యలోనే సీయూఈటీ దరఖాస్తు (2025లో మార్చి 1న మొదలు), ఈఏపీసెట్ దరఖాస్తు (మార్చి 15న మొదలు).

ఏప్రిల్: ఇంటర్ ఫలితాలు (2025లో ఏప్రిల్ 12). ఈఏపీసెట్ అపరాధ రుసుం లేకుండా చివరి తేదీ ఏప్రిల్ 24.

మే: నీట్ (మే 4), ఈఏపీసెట్ (మే 19 నుంచి 27 వరకు). ఇంటర్ అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ కూడా ఈ నెలలోనే.

జూన్ నుంచి: ర్యాంకులు, కౌన్సెలింగ్, డిగ్రీ ప్రవేశాలు. డిగ్రీ ప్రవేశాలు కొన్నిసార్లు ఆగస్టు దాకా వెళ్తాయి. ఆలస్యమైందని పిల్లలను పనికి పంపేయకండి, నోటిఫికేషన్ వస్తుంది.

ఆరో పని: ఖర్చు ముందే లెక్కేసుకోవడం

2025లో ఎస్టీ విద్యార్థులకు దరఖాస్తు ఫీజులు ఇలా ఉన్నాయి. ఈఏపీసెట్ ఒక విభాగానికి 500 రూపాయలు, జేఈఈ మెయిన్ 500, నీట్ 1,000. ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌కు ప్రాసెసింగ్ ఫీజు 600. ఇప్పుడు రెండో వైపు చూడండి. ఈఏపీసెట్ గడువు దాటితే అపరాధ రుసుం 1,000తో మొదలై చివరికి 10,000 రూపాయల దాకా వెళ్ళింది. ముందే చేస్తే 500. మరిచిపోతే ఒక సీజను కాఫీ డబ్బు పోతుంది.

పరీక్షకు వెళ్ళే ఖర్చు కూడా వేసుకోండి. పాడేరు నుంచి విశాఖపట్నం దాదాపు 110 కిలోమీటర్లు, అందులో ఘాట్ రోడ్డు. పెదబయలు నుంచి పాడేరు దాకా ప్రయాణం దీనికి అదనం. లోపలి ఊళ్ళ వాళ్ళకు పరీక్ష ఉదయమే ఉంటే ముందు రోజే దిగాలి. దరఖాస్తులో పరీక్ష కేంద్రం ఎంచుకునేటప్పుడు రాత్రి ఉండటానికి బంధువులు ఎక్కడ ఉన్నారో కూడా ఆలోచించండి.

పరీక్ష భాష గురించి: నీట్, జేఈఈ మెయిన్, ఈఏపీసెట్ మూడింటిలోనూ తెలుగులో ప్రశ్నపత్రం తీసుకోవచ్చు. కానీ దరఖాస్తు రోజే ఎంచుకోవాలి, తర్వాత మారదు. తెలుగు ఎంచుకుంటే ఇంగ్లీషు ప్రశ్న కూడా పక్కనే కనబడుతుంది. ఇంకొక మాట: ఈఏపీసెట్‌లో తప్పు జవాబుకు మార్కు కోయరు, ఒక్క ప్రశ్న కూడా ఖాళీ వదలకండి. నీట్, జేఈఈలో కోస్తారు, అక్కడ తెలిసినవే రాయండి.

ఏడో పని: కౌన్సెలింగ్, వెబ్ ఆప్షన్లు

ర్యాంకు వచ్చిందంటే సీటు వచ్చినట్టు కాదు. ఫీజు కట్టి, సర్టిఫికెట్ల పరిశీలన పూర్తి చేసి, కాలేజీలను వరుసగా ఎంచుకోవాలి. దాన్నే వెబ్ ఆప్షన్లు అంటారు. కంప్యూటర్ పై నుంచి కిందికి చూస్తూ వస్తుంది. మీ ర్యాంకుకు ఎక్కడ దొరికితే అక్కడ ఆగిపోతుంది. కాబట్టి ఎక్కువ ఇష్టమైనది పైన పెట్టండి. రెండు మూడు పెట్టి ఊరుకోకండి, ఎన్ని ఎక్కువ పెడితే సీటు వచ్చే అవకాశం అంత ఎక్కువ. ముందు కాగితం మీద వరుస రాసుకుని, లెక్చరర్‌కు చూపించి, ఆ తర్వాతే కంప్యూటర్ ముందు కూర్చోండి.

జూన్, జూలైలో కాలేజీల మనుషులు ఊళ్ళలోకి వస్తారు. 'మేమే ఆప్షన్లు పెడతాం, ఒరిజినల్స్ ఇవ్వండి, ఓటీపీ చెప్పండి' అంటారు. ఇవ్వకండి. వాళ్ళు పెట్టే ఆప్షన్ వాళ్ళ కాలేజీ ఒక్కటే. సర్టిఫికెట్లు సరిచూసుకుని ఒరిజినల్స్ వెంటనే తిరిగి ఇవ్వాలి, తమ దగ్గర ఉంచుకోకూడదు అని యూజీసీ 2018లోనే కళాశాలలకు చెప్పింది.

సీటు వచ్చాక ఆన్‌లైన్‌లో రిపోర్ట్ చేయాలి, గడువులోగా కాలేజీకి కూడా వెళ్ళాలి. ఈ రెండింటిలో ఒకటి మరిచిపోయినా సీటు రద్దవుతుంది.

ఎనిమిదో పని: ఫీజు పథకం మీకు వర్తించేలా చూసుకోవడం

పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌లో రెండు భాగాలున్నాయి. ఆర్‌టీఎఫ్ అంటే కాలేజీ ఫీజు, ఎంటీఎఫ్ అంటే భోజన, వసతి ఖర్చు. కుటుంబ వార్షికాదాయం రెండున్నర లక్షల లోపు ఉండాలి. హాజరు 75 శాతం ఉండాలి. కన్వీనర్ కోటాలో వచ్చిన సీటుకే వర్తిస్తుంది. మేనేజ్‌మెంట్ కోటా, స్పాట్ అడ్మిషన్, దూరవిద్యకు వర్తించదు. 'ఎలాగైనా సీటిప్పిస్తాం' అని ఎవరైనా అంటే, 'ఏ కోటాలో?' అని మొదట అడగండి. ఈ ఒక్క ప్రశ్న నాలుగేళ్ల అప్పు తప్పిస్తుంది.

చేరిన తర్వాత కాలేజీ మీ వివరాలను జ్ఞానభూమి పోర్టల్‌లో నమోదు చేయాలి. మీరు వేలిముద్రతో ధ్రువీకరించాలి. నమోదు అయిందో లేదో మీరే అడిగి తెలుసుకోండి. బ్యాంకు ఖాతాకు ఆధార్ అనుసంధానం ఉండాలి. అమ్మ ఖాతాకు తల్లికి వందనం కోసం చేయించినట్టే, విద్యార్థి ఖాతాకూ ఇప్పుడే చేయించండి. చేరిన వారంలోనే గిరిజన సంక్షేమ శాఖ పోస్ట్ మెట్రిక్ హాస్టల్‌లో సీటు కోసం కూడా అడగండి.

తరచూ అడిగే ప్రశ్నలు

ఇంటర్‌లో ఒక సబ్జెక్టు తప్పితే?
ఏడాది పోదు. మే నెల సప్లిమెంటరీలో పాసైతే అదే ఏడాది ప్రవేశాలకు రావచ్చు. ఈఏపీసెట్ రాయడం మాత్రం మానకండి. రెండో ఏడాది చదువుతున్నవాళ్ళంతా రాయవచ్చు.

ఈఏపీసెట్ ఉంటే ఇంటర్ మార్కులు ఎందుకు?
ర్యాంకులో 25 శాతం వెయిటేజీ ఇంటర్ మార్కులకే. ఎస్టీ విద్యార్థులకు గ్రూపు సబ్జెక్టుల్లో కనీసం 40 శాతం కూడా ఉండాలి.

ఆడపిల్లను అంత దూరం ఎలా పంపాలి?
ఈ భయం న్యాయమైనదే. దానికి జవాబు చదువు మాన్పించడం మాత్రం కాదు. ప్రభుత్వ హాస్టల్ ఉన్న ఊరి కాలేజీలను వెబ్ ఆప్షన్లలో పైన పెట్టండి. ఒకే మండలం పిల్లలు ఇద్దరు ముగ్గురు ఒకే కాలేజీకి ఆప్షన్ పెట్టుకుంటే తోడు ఉంటుంది.

సచివాలయానికి వెళ్ళకుండా ఏ పనులు అవుతాయి?
మన మిత్ర వాట్సాప్ సేవ (95523 00009) ద్వారా ఇంటర్ హాల్‌టికెట్, ఫలితాలు, కొన్ని ధ్రువపత్రాల సేవలు పొందవచ్చు. అక్కడ కాకపోతే సచివాలయంలో డిజిటల్ అసిస్టెంట్‌ను కలవండి. కుల ధ్రువపత్రం రోజుల తరబడి ఆగిపోతే రసీదు నంబరుతో తహసీల్దార్ కార్యాలయంలో, ఆపై పాడేరు ఐటీడీఏలో అర్జీ ఇవ్వండి. రసీదు లేకుండా ఏ దరఖాస్తూ ఇచ్చి రాకండి.

ఈ వారం చేయాల్సినవి మూడే

ఒకటి, నాలుగు కాగితాలు పక్కపక్కన పెట్టి పేరు, పుట్టిన తేదీ చూడండి. రెండు, కుల ధ్రువపత్రం ఇంట్లో ఉందో లేదో వెతకండి, లేకపోతే దరఖాస్తు చేయండి. మూడు, నోటుబుక్ మొదటి పేజీలో మీ రెండు దారులూ రాయండి.

తల్లిదండ్రులకు చివరి మాట. దరఖాస్తు నింపడం మీకు రాకపోవచ్చు. కానీ తేదీ గుర్తుచేయడం, ఫైలు తడవకుండా దాచడం, ఆ ఒక్క రోజు పిల్లవాడిని పొలం పనికి కాకుండా పెదబయలుకు పంపడం, ఇవి మీరే చేయగలరు. సగం పని అదే.

ఈ పీడీఎఫ్‌ను మీ ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టండి. ఫోను లేని ఇంట్లో ఇంటర్ చదివే పిల్లలుంటే మీరే వెళ్ళి చదివి చెప్పండి.